నలభై ఆరు నిమిషాల నలభై సెకన్లు

బంగారరాజు మంచివాడని చెప్పేవాళ్లు కోనసీమ నిండా ఉంటారు. వాళ్లెవరికీ బంగారరాజు బావ కాడు.

గంగబాబుకు బావ. తోడబుట్టిన అక్క లక్ష్మీతులసి మొగుడు. ముమ్మిడివరం అవతల రొయ్యల చెరువులు కౌలుకు చేస్తాడు, తెల్ల చొక్కా వేస్తాడు, ఎదుటివాడు మాట్లాడుతుంటే "మరేనండి, మరేనండి" అంటూనే వాడి మాట మింగేస్తాడు. వచ్చినప్పుడల్లా కాళ్లకు నీళ్లిచ్చి, పులస దొరికిన ఏడు పులస, దొరకని ఏడు పండుగప్ప వండిపెట్టిన ఇల్లు గంగబాబుది. అటువంటి మనిషి పెద్దమనుషుల ముందు కూర్చుని, గంగబాబు మొహం మీదికి వేలు చాపి, "వీడు కన్నతల్లి గొంతు కోసేడండి" అన్నాడు.

మామూలుగా అయితే ఆ మాటకు ఒకటే అర్థం. గంగబాబు విషయంలో రెండు. పాటల కొట్టు నడిపేవాడు గొంతు కోయడమంటే కంప్యూటర్లో పెట్టి ముక్కలు కోయడం కూడా. రెండు అర్థాలూ తగిలేలాగే అన్నాడు బంగారరాజు. డిగ్రీ దాకా చదివినవాడు, ఒకే కత్తివేటుకు రెండు గెలలు దింపడం తెలిసినవాడు.

గంగబాబుకు ఆ చదువు లేదు. ఏడో తరగతి అర్ధసంవత్సరం పరీక్షల్లో లెక్కల కాగితం ఖాళీగా ఇచ్చి బయటికొచ్చినవాడు మళ్లీ బడి గుమ్మం తొక్కలేదు. రాజోలులో ఒక క్యాసెట్ల కొట్లో చేరాడు. తెగిన రీలును గోళ్లరంగుతో అతికించడం నేర్చాడు. కొన్నాళ్లకు సొంత కొట్టు పెట్టాడు. క్యాసెట్లు పోయి సీడీలు వచ్చాయి, సీడీలు పోయి మెమరీ కార్డులు, పెన్‌డ్రైవులు వచ్చాయి. ఇప్పుడు కొట్టుకొచ్చి పాటలు ఎక్కించుకునేది ఆటోల వాళ్లు, ట్రాక్టర్ల వాళ్లు, ధనుర్మాసంలో గుడి మైకుసెట్ల వాళ్లు. మిగతా లోకం ఫోన్లోనే వింటోంది. అతని కొట్టు అక్కడ ఉందన్న సంగతి పక్క టీకొట్టు వాడికి కూడా ఒక్కోసారి గుర్తుండదు.

ఆ పనిలో ఒక కిటుకుంది. చిన్న కార్డులో ఎక్కువ పాటలు పట్టించాలి. పాటను పిండితే చోటు మిగులుతుంది. మొదలు నుంచి చివరిదాకా ఒకే తీరున పిండితే డోలు మోగేచోట గరగర వస్తుంది. అందుకని గంగబాబు ఎప్పుడూ 'వేరియబుల్' పెడతాడు. అది తెలిసిన వడ్డనవాడి లాంటిది. సందడి ఉన్నచోట ఎక్కువ వడ్డిస్తుంది, నిశ్శబ్దంగా ఉన్నచోట మెతుకు విదిలిస్తుంది. సెకను సెకనుకూ ఎంత వడ్డించిందో ఆ లెక్కనే బిట్‌రేటు అంటారు. పాత కంప్యూటరు, అందులో పాత సాఫ్టువేరు, ఇరవై ఏళ్లుగా అదే పని. పిండడం అయిపోగానే పెద్ద ఫైలు చెరిపేస్తాడు. అది కూడా ఇరవై ఏళ్ల అలవాటే. చెయ్యి తనంతట తానే చెరిపేస్తుంది.

తల్లి పెద్దింట్లమ్మకు పక్షవాతం వచ్చి రెండేళ్లు మంచంలో ఉంది. ఎత్తడం, దించడం, తుడవడం అంతా గంగబాబు, అతని భార్య భవానీదేవి. మూతి ఒక పక్కకు లాగేసినా మాట మాత్రం తేటగానే ఉండేది. ఒక కార్తీకమాసం మధ్యాహ్నం గంగబాబు భజనలు పట్టే చిన్న రికార్డరు ఇంటికి తెచ్చి తల్లి మంచం మీద పెట్టాడు.

"ఏటిరా అది?"

"నీ మాట పట్టుకోడానికమ్మా."

"నా మాట పట్టుకునేవోడు ఈ కొంపలో ఒకడున్నాడన్నమాట!" అంది ముసలమ్మ, ఉన్న సగం మూతితో నవ్వుతూ.

ఆవిడను ఒక మాట అడిగి, బొత్తాం నొక్కాడు. అడిగినదానికి ఆవిడ జవాబు చెప్పలేదు. గోడకేసి తిరిగి చాలాసేపు ఊరుకుంది. ఆ తర్వాత మొదలుపెట్టింది. ఎనభై ఆరు వరదలో దూడ కొట్టుకుపోయిన సంగతి, ఇంట్లో మిరపకాయల కారం తగ్గిపోయిన సంగతి, కోడలు మంచిదే గానీ చల్లలో నీళ్లెక్కువ పోస్తుందన్న సంగతి. మధ్యలో కొబ్బరితోట మాట వచ్చింది.

"ఆ అరవై రెండు సెంట్లూ మా అయ్య నాకు పసుపు కుంకుమల కింద ఇచ్చేడు. తొంభై ఆరు తుపానుకి ఒక్క చెట్టు మిగల్లేదు. మళ్లీ నలభై నాలుగు మొక్కలూ పెట్టింది నేనూ గంగబాబూ. ఆడే కావిడితో నీళ్లు మోసేడు. అది గంగబాబుకే. ఇందులో ఇంకెవరికీ మాట లేదు."

గంగబాబు ఆ రాత్రే దాన్ని కొట్లోని కంప్యూటర్లో ఎక్కించాడు. అలవాటు ప్రకారం పిండాడు. అలవాటు ప్రకారం పెద్దది చెరిపేశాడు. మొదట్లో ఉన్న ఆ మౌనాన్ని మాత్రం కోయలేదు. పాటల ముందు ఖాళీ ఉంటే కోసేయడం కూడా అతని అలవాటే, ఆ ఒక్కదాని దగ్గర చెయ్యి ఆగింది.

మాఘమాసంలో పెద్దింట్లమ్మ పోయింది.

కాగితం మీద రాసింది ఏదీ లేదు. కాగితం లేకపోతే తోటలో కొడుక్కీ కూతురికీ చెరి సగం అని అందరికీ తెలుసు. పెద్దకర్మ నాడు గంగబాబు అమ్మ మాట సంగతి చెప్పగానే లక్ష్మీతులసి కళ్లు తుడుచుకుని అందరి ముందూ అంది: "అమ్మ అలా అన్నాదా? అన్నాదంటే నాకు మాట లేదు తమ్ముడూ. ఎక్కడ పెట్టమంటే అక్కడ సంతకం పెడతాను. అమ్మ గొంతు ఒక్కసారి నాకు వినిపించు చాలు."

అప్పుడు బంగారరాజు తోట వైపు చూశాడు. తోట పక్కన అప్పటికే రెండు చెరువులు తవ్వేశారు. మూడోది ఎక్కడ తవ్వచ్చో చూసేవాడి చూపు ఎలా ఉంటుందో గంగబాబుకు తెలుసు. తెలిసినా, అమ్మ మాట ముందు ఆ చూపు ఎంతలే అనుకున్నాడు.

అమ్మ మాట వినడానికి అందరూ ఊరి పెద్ద వీరన్న గారి అరుగు మీద కూర్చున్నారు. గంగబాబు కొట్లోంచి స్పీకరు పెట్టె మోసుకొచ్చి, పెన్‌డ్రైవు గుచ్చి, బొత్తాం నొక్కాడు. మొదటి మౌనానికి ఒకరిద్దరు "ఏదీ, మోగట్లేదేటి?" అన్నారు. ఆ తర్వాత పెద్దింట్లమ్మ గొంతు వచ్చింది. ఒక్కరు కదిలితే ఒట్టు. చల్లలో నీళ్ల మాటకు నవ్వారు, తుపాను మాటకు తలలు దించారు. లక్ష్మీతులసి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. పద్దెనిమిది నిమిషాల నలభై సెకన్లకు గొంతు ఆగింది.

వీరన్న గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఇంకేముందండీ. ఆవిడే వచ్చి చెప్పినట్టుంది."

"మరేనండి, మరేనండి" అన్నాడు బంగారరాజు. "గంగబాబూ, ఆ పెన్‌డ్రైవు ఓసారి ఇటివ్వవోయ్. మీ అక్క కారులో కూర్చుని ఇంకోసారి వింటాది, పాపం."

గంగబాబు సంతోషంగా ఇచ్చాడు. ఇప్పటికీ ఆ చెయ్యి చూసుకుంటే కొట్టుకోవాలనిపిస్తుంది అతనికి.

రెండు నిమిషాల్లో కారు దగ్గర్నుంచి కేక వచ్చింది. "వీరన్న గారండీ! తమరొకసారి ఇలా రండి!"

కారు తెర మీద గంటా అయిదు నిమిషాల ఇరవై సెకన్లు అని కనబడుతోంది.

"మొత్తం ఇంత ఉందని రాసింది చూసేరాండీ? మనం విన్నదెంత? ఆగండి, మళ్లీ విందాం."

అందరూ కారు చుట్టూ నిలబడి పద్దెనిమిది నిమిషాలూ మళ్లీ విన్నారు. ఈసారి ఎవరూ నవ్వలేదు, ఎవరూ ఏడవలేదు. అందరి కళ్లూ తెర మీది అంకెల మీదే. సరిగ్గా పద్దెనిమిది నలభై దగ్గర గొంతు టక్కున ఆగిపోయింది. గంట దాకా వెళ్లాల్సిన గీత పావు దూరం దాటగానే వెనక్కి గెంతి మొదటికొచ్చింది.

"మిగతాది ఏది గంగబాబూ?" అన్నారు వీరన్న గారు.

"మిగతాదేటండి? అంతేనండి ఉంది."

"అంతే ఉంటే మెషీను అంత అని ఎందుకు చెప్తాదయ్యా? మెషీనుకి తోట కావాలా?"

బంగారరాజు అప్పటికే లెక్క కట్టేశాడు. "నలభై ఆరు నిమిషాల నలభై సెకన్లండి, మాయమైపోయింది." అంతటితో ఆగకుండా తన ఫోన్లో కూడా పెట్టి చూపించాడు. "ఈ పైన నంబరు చూడండి. ముప్పై రెండు. ఇప్పుడు నూట అరవై. ఇదిగో తొంభై ఆరు. మళ్లీ ముప్పై రెండు. ఒక్క మనిషి ఒక్క మంచం మీద పడుకుని మాట్లాడితే నంబరు ఇన్నిసార్లు ఎందుకు గెంతుతాదండి? ఇవన్నీ అతుకులు. నంబరు మారినచోటల్లా ఓ అతుకు."

"అది వేరియబుల్ అండి" అన్నాడు గంగబాబు.

"అంటే?"

"అంటే... మారుతుంటాదండి."

"మార్చేవోడుంటే కదా మారడానికి!"

అరుగు మీద నవ్వులు. మెషీన్లు ఇలా నిడివి తప్పు చూపించడం కొట్లో అప్పుడప్పుడూ చూసిందే. మూడు నిమిషాల పాటకు పదకొండు నిమిషాలని పడేది. పాట మోగితే చాలు, అంకెలతో ఎవడికి పని అని గంగబాబు వదిలేసేవాడు. ఎందుకు అలా పడుతుందో ఏనాడూ ఎవరినీ అడగలేదు. అడగని పాఠం పరీక్షలో వచ్చింది. ఈసారి కూడా కాగితం ఖాళీ.

"అసలు రికార్డింగు తీసుకురా, పోల్చి చూద్దాం" అన్నారు వీరన్న గారు.

"చెరిపేసేనండి."

"ఎందుకు?"

"చోటు కోసమండి."

బంగారరాజు రెండు చేతులూ జోడించి ఆకాశం వైపు ఎత్తాడు. "కన్నతల్లి మాటకి చోటు లేదంటండి ఈయన దగ్గర! వీడు కన్నతల్లి గొంతు కోసేడండి."

అప్పుడు అన్నాడు ఆ మాట.

గంగబాబు అక్క వైపు చూశాడు. ఆవిడ ఒక్కతి నమ్మితే చాలు. లక్ష్మీతులసి కారు దిగి దగ్గరికొచ్చి, ఎవరికీ వినబడకుండా అడిగింది. "ఆ మిగతాదాంట్లో అమ్మ నా గురించేమన్నా అన్నాదా తమ్ముడూ?"

"మిగతాదన్నదే లేదక్కా."

ఆవిడ వెళ్లి కారులో కూర్చుని అద్దం ఎక్కించుకుంది. పెన్‌డ్రైవు ఆ కారులోనే ఉండిపోయింది.

వినాయక చవితి దాకా గడువిచ్చారు వీరన్న గారు. మిగతాది తెచ్చి చూపించు, లేదా అసలు లేదని రుజువు చెయ్యి. పోయినదాన్ని వెతకొచ్చు. అసలు లేనేలేని నలభై ఆరు నిమిషాలను ఎవడు, ఏ బీరువాలో వెతుకుతాడు? ఊళ్లో పేరు మాత్రం స్థిరపడిపోయింది. టీకొట్టు దగ్గర ఆటోలవాడొకడు, "గంగబాబు గారూ, నా పాటల్లో ఏమీ కోసేయకండే!" అని నవ్వాడు. వాడు అన్నది సరదాకే. గంగబాబు ఆ రోజు కొట్టు కట్టేసి ఇంటికి వెళ్లిపోయాడు.

"అక్క వింటే చాలు, ఊరు ఏడిస్తే నాకేటి" అన్నాడు ఇంట్లో.

"మీ అక్క చెవులు కూడా మీ బావగారి జేబులోనే ఉంటాయి" అంది భవానీదేవి.

శ్రావణంలో ఎవరో చెప్తే అమలాపురం వెళ్లాడు. బస్టాండు దగ్గర ఉమామహేశ్వరి అని ఒకావిడ ఇంటర్నెట్ సెంటరు నడుపుతుంది. అంతకుముందు పెళ్లి వీడియోలకు పాటలు కలిపేది. నలభై దాటిన మనిషి, మాట నెమ్మది. గంగబాబు కొట్లోంచి కొత్తగా ఎక్కించుకొచ్చిన పెన్‌డ్రైవు పెట్టి, తెర మీద ఏవో అంకెలు వరసలు వరసలుగా తెరిచి చూసింది.

"దీనికి ముందు చీటీ లేదండి గంగబాబు గారూ."

"చీటీ ఏంటండి?"

"బస్తాకి చీటీ కుడతారు చూడండి, లోపల ఇన్ని ఉన్నాయని. ఇలా మారుతూ ఉండే ఫైలుకి మొదట్లోనే ఒక చీటీ రాయాలండి, మొత్తం ఇంత అని. మీ పాత సాఫ్టువేరు అది రాయకుండా వదిలేసింది. చీటీ ఉంటే ఏ మెషీనైనా చదివి సరిగ్గా చెప్తాది. లేకపోతే కొన్ని మెషీన్లు చివరిదాకా వెళ్లి లెక్కపెట్టుకొస్తాయి. బద్ధకపు మెషీన్లు అంచనా వేసేస్తాయి."

"అంచనా ఎలా వేస్తాయండి?"

ఆవిడ తెర మీంచి ఇటు తిరిగింది. "తమకి తోట ఉందా అండి?"

"ఉంది... ఉందండి."

"దింపు అయ్యాక రాశిలో పదకొండు వందల ఇరవై కాయలున్నాయనుకోండి. తోటలో చెట్లెన్నో మీరు చూళ్లేదు. మొదటి చెట్టు దగ్గరికెళ్లి దీనికెన్ని కాసేయంటే నాలుగు అన్నారు. అయితే అన్నీ నాలుగేసి కాసుంటాయని లెక్కేస్తే?"

గంగబాబు వేళ్ల మీద వేశాడు. ఏడో తరగతిలో రాని లెక్క తోటకొచ్చేసరికి వచ్చింది. "రెండొందల ఎనభై చెట్లండి."

"నిజానికి మిగతా చెట్లు బాగా కాసి, సగటున పధ్నాలుగు పడ్డాయి. అప్పుడు?"

"ఎనభై చెట్లే."

"అంతేనండి. రాశి అంటే ఫైలు, చెట్లంటే నిడివి. రాశి ఒకటే, చెట్లు ఎనభై. ఆ కారు మొదటి చెట్టు ఒక్కదాన్నే చూసి రెండొందల ఎనభై అన్నాది. మీ ఫైలు సగటు నూట పన్నెండండి. మొదట్లో మాత్రం ముప్పై రెండు. దాంతో అంతా భాగించేసరికి గంటా అయిదు నిమిషాలు వచ్చింది. లేని రెండొందల చెట్లని మీరు నరికేసేరంటున్నారు వాళ్లు. ఇక నంబరు గెంతడమంటారా, కాపు ఒక్కో చెట్టుకి ఒక్కోలా ఉండటమే. అతుకులూ లేవు, ఏమీ లేవు."

ఆరు నెలల నుంచి గుండె మీద కూర్చున్నది ఏదో లేచి వెళ్లిపోయింది. ఆవిడ ఏదో నొక్కింది. ఫైలుకు చీటీ కుట్టింది. వేరే పెన్‌డ్రైవులోకి ఎక్కించి, తన ఫోన్లో పెట్టింది, పక్క కొట్లోని పెట్టెలో పెట్టింది, రోడ్డు మీద ఆగిన ఎవరిదో కారులో బతిమాలి పెట్టించింది. అన్నిటా పద్దెనిమిది నిమిషాల నలభై సెకన్లు. సగటు నూట పన్నెండు.

"మొదట్లో ఒక నిమిషం పది సెకన్లు అమ్మగారు ఏమీ మాట్లాడలేదు కదండి" అంది ఉమామహేశ్వరి, పెన్‌డ్రైవు చేతిలో పెడుతూ. "ఇంత గొడవా ఆ మౌనంతో వచ్చింది. తమరు ముందే అది కోసేసుంటే కారులో కూడా ఇంచుమించు సరిగానే పడేది."

కోసి ఉంటే కోశాడన్న పేరు వచ్చేది కాదు. కోయనందుకు వచ్చింది. గంగబాబు పెద్దగా నవ్వాడు. ఆవిడ కంగారుపడి మంచినీళ్లిచ్చింది.

నేరుగా ముమ్మిడివరం బస్సెక్కాడు. బంగారరాజు మొహం ఎలా మాడిపోతుందో చూడాలని దారంతా మురిసిపోయాడు. వీరన్న గారి అరుగు మీద కొబ్బరికాయల లెక్క ఎలా చెప్పాలో మనసులో రెండుసార్లు అప్పజెప్పుకున్నాడు. అయినవిల్లి రోడ్డు దాటాక ఉమామహేశ్వరి చివరిమాట మళ్లీ చెవిలో పడింది. ఆ మౌనంతో వచ్చింది.

బొత్తాం నొక్కేముందు అమ్మను అడిగిన మాట అతనికొక్కడికే తెలుసు. "అక్కకేమన్నా చెప్తావా అమ్మా?"

రెండేళ్లు మంచంలో ఉంటే లక్ష్మీతులసి వచ్చింది ఒక్కసారి. అదీ కారులో ఉండగానే బంగారరాజు హారను కొడుతుంటే. ఆవిడ తప్పేమీ లేదని గంగబాబు అనేవాడు. ముసలమ్మ ఏమీ అనేది కాదు. ఆ రోజు కూడా ఏమీ అనలేదు. గోడకేసి తిరిగి నిమిషం పది సెకన్లు ఊరుకుంది. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయా అంటే, కారుతున్నాయి. అవి రికార్డరుకు వినబడవు. తర్వాత తిరిగి దూడ సంగతి మొదలుపెట్టింది. పద్దెనిమిది నిమిషాల్లో ఒక్కసారి తులసి పేరెత్తలేదు.

బస్సులో ఆ సంగతిని పక్కకు నెట్టేశాడు. రుజువు రుజువే.

లక్ష్మీతులసి వాకిట్లో కూర్చుని కొబ్బరాకుల నుంచి ఈనెలు చీరుతోంది. పక్కన సగం కట్టిన చీపురు. తమ్ముణ్ణి చూసి కత్తి కింద పెట్టలేదు.

"తిన్నావా?"

"తిన్నానక్కా. బావగారు లేరా?"

"చెరువు కాడికెళ్లేరు. కూర్చో."

కూర్చున్నాడు. జేబులో పెన్‌డ్రైవు తొడకు గుచ్చుకుంటోంది. "అక్కా, నీకోటి చూపించాలి" అని మొదలుపెట్టాడు.

"ముందు నే చెప్పేది విను" అందావిడ, ఈనె చీరుతూనే. "నీ మీద కోపం పోయిందిరా నాకు. రోజూ సాయంత్రం కారులో కూర్చుని అమ్మది వింటున్నాను. మీ బావగారు నవ్వుతారు, అయినా వింటాను. పద్దెనిమిది నిమిషాలకి అయిపోతాది కదా, ఆ తర్వాత ఊరికే కూర్చుంటాను. గంట నిండే దాకా. మిగతాది నాదని."

గంగబాబు చెయ్యి జేబు దగ్గర ఆగింది.

"పద్దెనిమిది నీకిచ్చింది, నలభై ఆరు నాకిచ్చింది. అలా అనుకుంటున్నాను. రెండేళ్లు మంచంలో ఉంటే ఒక్కసారి వచ్చేనురా నేను. ఒకేఒక్కసారి. ఉన్నది ఆ పద్దెనిమిది నిమిషాలే అయ్యుంటే, అమ్మ నన్ను తలుచుకోకుండానే పోయిందనుకుని నేను ఈపాటికి ఏ కాలవలోనో పడేదాన్ని. కారులో ఆ అంకె పడబట్టి బతికేను. కోసేవు, సరే. తోట మీద ఆశతో కోసేవు. కోసేముందు విన్నావు కదా? నువ్వు విన్నావు కదా తమ్ముడూ! నా గురించి ఏమన్నాదో ఒక్క ముక్క చెప్పు. ఆ తోట మొత్తం నువ్వే తీసుకో. నాకొద్దు."

కత్తి ఆగిపోయింది. ఆవిడ అతని మోకాలు పట్టుకుంది.

గంగబాబుకు ముందు కోపం వచ్చింది. ఎన్ని తిట్లు పడ్డాడు, ఎందరి నవ్వులు మోశాడు! జేబులో ఉన్నది తీసి ఆ కారులో గుచ్చితే చాలు, నిమిషంలో తేలిపోతుంది. అమ్మ మాట నిజమైపోతుంది. తోట నిలబడుతుంది. ఆ తెర మీద పద్దెనిమిది నలభై పడుతుంది. ఆ తర్వాత సాయంత్రం అక్క ఆ కారులో కూర్చుంటే, ఎదురుచూడటానికి ఏమీ ఉండదు.

"కోసేవా, లేదా?" అంది లక్ష్మీతులసి.

"ఆయ్" అన్నాడు. గొంతులోంచి వచ్చేసింది. "కోసేనక్కా."

"ఏమన్నాది?"

"నీ జడ గురించి చెప్పింది. చిన్నప్పుడు నీకు జడెయ్యడం మొదలెడితే, అయ్యేలోపు పొయ్యి మీద అన్నం ఉడికిపోయేదంట. రోజూ మాడబెట్టేదంట నీ జడ మూలాన."

లక్ష్మీతులసి ఏడుపులోంచి నవ్వింది. "అవున్రా! నాన్న తిట్టేవోడు. ఇంకా?"

"ఇంకా... నీ చేతి ఉలవచారు తినాలనుందన్నాది. నా పెళ్లాం చేసేది ఉలవలు కడిగిన నీళ్లంట."

"ఇంకా?"

"నువ్వు రాలేదని బాధ లేదన్నాది. దాని సంసారం ఎటువంటిదో నాకు తెల్దా అన్నాది. తులసి మంచిదిరా అన్నాది. మూడుసార్లు."

మూడుసార్లు అనగానే ఆవిడ మొహం అతని మోకాలి మీద వాలిపోయింది. గంగబాబు చెబుతూనే ఉన్నాడు. నలభై ఆరు నిమిషాలు చెప్పలేదు గానీ, ఒక పావుగంట చెప్పాడు. అబద్ధం చెప్పడం అలవాటు లేనివాడికి అన్ని అబద్ధాలు ఎక్కడి నుంచి వచ్చాయో తెలియదు. కొన్ని చెబుతున్నప్పుడు అమ్మ గొంతు తనకే వినిపించింది.

"మరేనండి, మరేనండి" అన్న మాట వినబడి తలెత్తి చూశాడు.

గుమ్మం పక్కన బంగారరాజు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో. తెల్ల చొక్కా మీద చెరువు బురద ఒక చుక్క కూడా లేదు. "ఆరు నెలలకి ఒప్పుకున్నాడు బావమరిది. ఇదేదో వీరన్న గారి అరుగు మీదే చెప్పేస్తే సరిపోయేది కదవోయ్."

"ఆయనన్నది వదిలెయ్యి. తోట నీదేరా, నేను మాటిచ్చేను" అంది లక్ష్మీతులసి కళ్లు తుడుచుకుంటూ.

"దొంగతనం ఒప్పుకున్నవాడికి బహుమానం ఇస్తారంటే నేనొప్పుకోను" అన్నాడు బంగారరాజు. ఆవిడ మాట అంతటితో సరి. ఆ ఇంట్లో ఆవిడ మాట ఎప్పుడూ అంతదూరమే వెళ్తుంది.

తిరుగు బస్సులో అమలాపురం దాటాక గంగబాబు జేబులోంచి పెన్‌డ్రైవు తీశాడు. ఇంటికి వెళ్లి కొట్లో కంప్యూటరుకు పెట్టి, చీటీ కుట్టిన ఫైలు చెరిపేశాడు. ఇరవై ఏళ్లలో ఎన్ని వేల ఫైళ్లు చెరిపిన చెయ్యో, ఆ ఒక్క బొత్తాం నొక్కడానికి అంత సేపు పట్టింది. చీటీ లేనిది అక్క కారులో ఉంది. అది గంటా అయిదు నిమిషాల ఇరవై సెకన్లు చూపిస్తూనే ఉంటుంది.

చవితికి నాలుగు రోజుల ముందు వీరన్న గారి అరుగు మీద మళ్లీ కూర్చున్నారు. అమ్మ మాట చెల్లదన్నారు. చెరి సగమన్నారు. గంగబాబు సరేనన్నాడు. సంతకం దగ్గర లక్ష్మీతులసి కలం ఆపితే, "పెట్టక్కా" అని కాగితం కదలకుండా పట్టుకున్నాడు. వీరన్న గారు పక్కకు పిలిచి, "ఎందుకు చేసేవయ్యా ఇలాగ? ఆవిడ అన్నది అన్నట్టు ఉంచితే నీకు సరిపోయేది కదా" అన్నారు. "బుద్ధి గడ్డి తిందండి" అన్నాడు గంగబాబు.

దీపావళి వెళ్లాక మూడో చెరువు తవ్వడానికి పొక్లెయిను వచ్చింది. అవతల సగంలో అతను కావిడితో నీళ్లు మోసి పెంచిన చెట్లు ఒక్కొక్కటీ ఒరుగుతుంటే గట్టు మీద నిలబడి లెక్కపెట్టాడు. ఈసారి అంచనా వేయలేదు, మొదటి చెట్టు నుంచి చివరి చెట్టు దాకా లెక్కపెట్టాడు. ఇరవై రెండు చెట్లు. ముప్పై ఒక్క సెంట్లు.